ఎడమ బొటనవేలు

ఆశ్రయం, ఆఫీసు గది
జూన్ మొదటి వారం

మరదలు పిల్లకి,

ఫోను చెయ్యకుండా ఉత్తరం రాస్తోందేమిటి, వదినకి మతి పోయిందా అనుకుంటున్నావు కదూ. మతి పోలేదు గానీ ధైర్యం పోయింది. ఫోనెత్తినా, మెయిలు తెరిచినా వెనక ఎవరో నిలబడి చూస్తున్నట్టుంటోంది. కాగితమైతే ఎవరైనా చింపి చదివితే ఆ చింపిన గుర్తైనా కనిపిస్తుంది.

మా దర్జీ ఆవిడ గురించి నీకు చెప్పాను, మొగుడి దెబ్బలు తట్టుకోలేక ఇద్దరు పిల్లలతో మా గేటు ముందు కూలబడిందని. ఆశ్రయం ఎక్కడుందో ఊరందరికీ తెలుసు కాబట్టి ప్రాణభయం ఉన్నవాళ్ళని ఇక్కడ ఉంచం. ఊళ్ళో అక్కడక్కడ అద్దె గదుల్లో, వేరే పేర్లతో ఉంచుతాం. ఆ చిరునామాలు నాకూ, సామాను చేరవేసే గేటు పిన్నికీ, మా కంప్యూటర్లకీ తప్ప ఇంకెవరికీ తెలియవు.

పోయిన మంగళవారం పొద్దున్న ఆమె మొగుడు సరిగ్గా ఆ గది తలుపే తట్టాడు. పక్క గదీ కాదు, కింది వాటా కూడా కాదు. పాలవాడనుకుని తలుపు తీసిందట. కత్తి మెడ మీదికి వస్తుంటే చెయ్యి అడ్డం పెట్టింది. రెండు వేళ్ళు గుమ్మంలోనే తెగి పడ్డాయి. పిల్లలు మంచం కిందికి దూరారు. వాడు పారిపోతూ మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకోబట్టి దొరికాడు. "అడ్రసు ఎవరిచ్చారు?" అని పోలీసులు అడిగితే, "ఎవరో పెద్దమనిషి ఫోన్ చేసి చెప్పాడు" అంటున్నాడు తప్ప ఇంకో ముక్క రావడం లేదు. ఆ నంబరు చూస్తే దొంగ పేరు మీద తీసుకున్నదట.

మార్చిలో బస్సు స్టాపులో ఒకామె దవడ పగలగొట్టారు చూడు, అది కాకతాళీయం అనుకున్నాను. ఇప్పుడలా అనుకోలేకపోతున్నాను.

మా దగ్గరున్నవి రెండు కంప్యూటర్లు. ఒకటి ముసలిది, విండోస్‌ది, బల్ల కింద రోజంతా గురక పెడుతుంది. రెండోది ఎవరో దాతలిచ్చిన తెల్లటి మ్యాక్. చిరునామాలు రెండింటిలోనూ ఉన్నాయి. నీ ఉద్యోగమే ఇది కాబట్టి అడుగుతున్నాను. ఏది చెడ్డది? ఏది మంచిది? మీ అన్నయ్యేమో కంప్యూటర్లని కాదు, గేటు పిన్నిని అనుమానించమంటున్నారు. పిన్ని ఆ దర్జీ ఆవిడ వేళ్ళు గుడ్డలో చుట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తిన మనిషి. నాకు మనసొప్పడం లేదు.

త్వరగా రాయి.
వదిన

---

మా ఆఫీసు, ఆరో అంతస్తు
జూన్ మూడో వారం

వదినా,

నీ ఉత్తరం చదివి కాఫీ తాగలేకపోయాను. మంచం కిందికి దూరిన పిల్లలే కళ్ళ ముందు ఉన్నారు.

అడిగినదానికి జవాబు చెప్తాను. ఈ విషయంలో జనం కొట్టుకుచస్తారు, మా ఆఫీసులోనే రెండు ముఠాలున్నాయి. నువ్వు మాత్రం ఇలా అనుకో. విండోస్ అంటే ఊరి మధ్య పెద్ద వీధిలో ఇల్లు. లోకంలో సగానికి పైగా జనం ఆ వీధిలోనే ఉంటారు కాబట్టి దొంగలు కూడా ముందు అక్కడికే వస్తారు. ఇల్లు చెడ్డదని కాదు, గొళ్ళేలు గట్టివే. కానీ కంపెనీవాళ్ళు పంపే మరమ్మతులు ఎప్పటికప్పుడు వేసుకోవాలి. మీ ముసలిది "అప్‌డేట్ చెయ్యనా" అని అడిగినప్పుడల్లా "తర్వాత" అని నొక్కింది ఎవరో నాకు తెలుసు. మ్యాక్ అంటే కాపలా ఉన్న కాలనీ. లోపలికి ఏది రావాలో కట్టినవాళ్ళే చూసుకుంటారు. అందులో ఉన్నవాళ్ళు "మా కాలనీకి దొంగలు రారు" అని తలుపులు తీసి పడుకోవడమే దాని జబ్బు. ఇక నేను వాడే లినక్స్, ఏ ఒక్క కంపెనీదీ కాదు. దాని గోడలు ఎలా కట్టారో ఎవరైనా చూడొచ్చు, బీట కనిపిస్తే ఎవరైనా అరిచి చెప్పొచ్చు. అందుకని బీటలు త్వరగా పూడుతాయి. కానీ తాళం ఎలా వెయ్యాలో తెలిసినవాడు వెయ్యాలి. తెలియనివాడి చేతిలో అదీ గుడిసే.

మూడింటిలోనూ ఏదో ఒక లొసుగు దొరుకుతూనే ఉంటుంది వదినా. దొరకదని చెప్పేవాడు అమ్మకానికి వచ్చినవాడు.

నేను చేసేది ఇదీ. ఒక నల్ల ల్యాప్‌టాప్‌లో లినక్స్ నా చేతులతో ఎక్కించి పంపిస్తున్నాను. చిరునామాలు దాంట్లోనే ఉంచు, మిగతా రెండింటిలో తుడిచెయ్యి. పొద్దున్న ఒక్కసారి పొడుగాటి పాస్‌వర్డ్ కొట్టాలి. ఆ తర్వాత మూత తెరిచినప్పుడల్లా వేలు ఆనిస్తే చాలు. నీ మతిమరుపు నాకు తెలుసు కాబట్టే ఈ వేలి ఏర్పాటు. అన్నట్టు దాన్ని ఆఫీసులో వదలకు, నీతోనే ఇంటికి తెచ్చుకో.

ఇది పగలగొట్టగలిగినవాడికి నా ఉద్యోగం ఇచ్చేసి నేను మీ గేటు దగ్గర కూర్చుంటాను.

నీ మరదలు

---

ఇల్లు, వంటగది
జులై రెండో వారం

మరదలు పిల్లకి,

అక్షరాలు కోడి గెలికినట్టున్నాయని నవ్వకు. కుడి మణికట్టు విరిగింది, ఎడమచేత్తో రాస్తున్నాను. స్నానాల గదిలో జారి పడ్డాను. సబ్బు నీళ్ళు, నా తొందర, అంతే.

నల్లది వచ్చింది. మావాళ్ళంతా చుట్టూ చేరి పెళ్ళికూతుర్ని చూసినట్టు చూశారు. గేటు పిన్ని మూత మీద తట్టి, "ఇదేనా ఎవడికీ నోరు విప్పనిది? నీకంటే నయం తల్లీ" అంది. కుడిచెయ్యి కట్టులో ఉంది కాబట్టి ఎడమ బొటనవేలు గుర్తు ఇచ్చాను. వేలు పెట్టగానే ఠక్కున తెరుచుకుంటుంటే నాకే ముచ్చటేసింది. ముసలిదాంట్లోనూ తెల్లదాంట్లోనూ అన్నీ తుడిచేశాను.

దర్జీ ఆవిడ మూడు వేళ్ళతో చెంచా పట్టుకోవడం నేర్చుకుంటోంది. నిన్న చెంచా విసిరికొట్టి ఏడ్చింది. తర్వాత తనే లేచి తెచ్చుకుంది.

నాకు నొప్పి మాత్రలు ఇచ్చారు. వేసుకుంటే ఒళ్ళు తెలియని నిద్ర. ఆదివారం అన్నం తిన్నాక పడుకుంటే దీపాలు పెట్టేదాకా లేవడం లేదు. మాత్రలన్నీ మీ అన్నయ్యే గుర్తుపెట్టుకుని ఇస్తున్నారు.

ఈ మాట చెప్పుకోవాలి. చాలా కాలానికి గుండె మీది బరువు కాస్త దిగింది. నీ చలవే.

వదిన

---

ఆశ్రయం, ఆఫీసు గది
ఆగస్టు

నీ జవాబు కోసం ఆగలేను.

మేం దాచిన ఇంకొకామె, నర్సమ్మ, ఆమె గదికి నిప్పు పెట్టారు. మేడ మీద గది, కింద ఇంటివాళ్ళు. మధ్యాహ్నం డ్యూటీ దిగి పడుకుని ఉంది. మొగుడు తలుపుకి బయట గడియ పెట్టి, తలుపు కింది సందులోంచి పెట్రోలు పోసి అంటించాడు. ఆమె కిటికీ ఊచ వంచుకుని కిందికి దూకింది. తొడ ఎముక విరిగింది, బతికింది. కింద వాటా ఇల్లుగలావిడ, మన నర్సమ్మని సొంత కూతురిలా చూసుకునే ముసలావిడ, తలుపు గడియ తీద్దామని మెట్లెక్కింది. పొగలో దారి తెలియలేదు. మెట్ల మలుపులో దొరికింది. తడిపి తెచ్చుకున్న గుడ్డ ఇంకా గుప్పిట్లోనే ఉంది.

నేనే వెళ్ళి గుర్తుపట్టాను. ముఖం చూసి కాదు, చెప్పులు చూసి.

నర్సమ్మని ఆ గదిలోకి మార్చింది పోయిన నెలాఖరునే. చిరునామా ముసలిదాంట్లో లేదు, తెల్లదాంట్లో లేదు. నువ్వు పంపిన నల్లదాంట్లో మాత్రమే ఉంది. ఎవడూ పగలగొట్టలేడన్నావే. నీ గోడలు, నీ కాలనీలు, నీ కబుర్లు! ఒక మనిషి కాలి బొగ్గయిపోయింది.

పోలీసులు పిన్నిని స్టేషన్‌కి పట్టుకెళ్ళి రోజంతా కూర్చోబెట్టారు. వచ్చి గేటు దగ్గర కూర్చుంది.

---

మా ఇల్లు
ఆగస్టు

వదినా,

నువ్వు తిట్టినదానికి నాకు కోపం లేదు. తిట్టకపోతేనే భయపడేదాన్ని.

నేను ఆ గోడల గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. నా పనిలో పొరపాటు జరగదని చెప్పను. జరిగితే నేనే చెప్తాను, నేనే తల వంచుకుంటాను. కానీ ముందు తెలియాలి కదా. మూడింటిలో ఏది కారుతోందో ఊహతో తేలదు. పరీక్ష పెడదాం.

మూడు కంప్యూటర్లలో మూడు అబద్ధాలు పెట్టు. మొగుడు లారీలేసుకుని వెతుకుతున్నాడన్నావే, ఆ టీచరమ్మ, ఆమెని ముందు వేరే ఊరు పంపించెయ్. ఎక్కడికో నాకు కూడా చెప్పకు. ఆమె పేరు మీద ముసలిదాంట్లో ఒక ఖాళీ ఇంటి చిరునామా, తెల్లదాంట్లో ఇంకొకటి, నల్లదాంట్లో మూడోది రాయి. ఏ ఇంటి మీదికి వాడు వస్తే ఆ కంప్యూటరే కారుతున్నట్టు. ఇన్‌స్పెక్టరుకి చెప్పి మూడుచోట్లా మనుషుల్ని పెట్టించు.

ఇది నీకూ నాకూ ఇన్‌స్పెక్టరుకీ తప్ప నాలుగో మనిషికి తెలియకూడదు. పిన్నికి చెప్పకు. అప్పుడే ఆమె మీది మచ్చ పోతుంది. ఇంట్లో కూడా అనకు.

మణికట్టు ఎలా ఉంది? ఆ రోజు ఎలా పడ్డావో సరిగ్గా రాయలేదు నువ్వు.

నీ మరదలు

---

ఆశ్రయం, ఆఫీసు గది
సెప్టెంబరు మొదటి వారం

మరదలు పిల్లకి,

వచ్చాడు.

సోమవారం, ఇంకా వెలుతురు ఉండగానే, బజారు వెనక సందులో అద్దెకు తీసుకున్న చిన్న ఇంటికి వచ్చాడు. వాడూ, ఇంకో ఇద్దరూ, చేతుల్లో ఇనుప రాడ్లు. ఇన్‌స్పెక్టరు వద్దన్నా వినకుండా నేను ఎదురింటి పై గదిలో కూర్చున్నాను. మంచం మీద బొంతలు మడిచి పెట్టి పైన దుప్పటి కప్పాం, మనిషి పడుకున్నట్టు. తలుపు రెండు దెబ్బలకే ఊడింది. లోపలికెళ్ళి ఒక్క మాట లేదు, "లే" అని కూడా అనలేదు. మంచం మీద బాదడం మొదలుపెట్టాడు. సందులోకి వినిపించింది ఆ చప్పుడు. దూది ఎగిరి గుమ్మం బయటికి వచ్చింది. దూదని కూడా చూసుకోకుండా కొడుతూనే ఉన్నాడు. ఆ మంచం మీద మన టీచరమ్మ ఉంటే ఏమయ్యేదో.

పోలీసులు మీద పడ్డారు. ఒక కానిస్టేబులుకి తల పగిలింది, కుట్లు పడ్డాయి. లారీలవాడి మోచెయ్యి విరిచి గానీ రాడ్డు వదిలించలేకపోయారు. నేల మీద పడి కూడా ఒకటే కేకలు. "నా పెళ్ళాం! నా పెళ్ళాన్ని నేనేమైనా చేసుకుంటా!"

ఆ ఇల్లు ఏ కంప్యూటర్లోదో నువ్వు అడగకముందే చెప్తున్నాను. నల్లదాంట్లోది.

ముసలిదాంట్లో రాసిన ఇంటి దగ్గరికి కుక్క కూడా రాలేదు. తెల్లదాని ఇల్లూ అంతే. నువ్వు తక్కువ చేసి మాట్లాడినవి రెండూ నోరు మూసుకున్నాయి, నువ్వు నెత్తిన పెట్టుకున్నదే చెప్పేసింది. ఒక్క రోజు, ఒకే ఒక్క రోజు, నువ్వేనేమో అని కూడా అనుమానపడ్డాను. రాసినందుకు సిగ్గుగా ఉంది, అయినా రాశాను.

పిన్నికి ఆ ఇంటి సంగతే తెలియదని పోలీసులు ఒప్పుకున్నారు. ఇన్‌స్పెక్టరు తనే వచ్చి ఆమెకి చెప్పాడు. "సరే బాబూ" అని గేటు వేసుకుంది.

నల్లదానికి సీలు వేసి మీ ఊరి ల్యాబుకి పంపుతున్నారు. నువ్వు దగ్గరుండి విప్పి చూడాలట. లోపం ఎక్కడుందో చెప్పు. నాకు తెలియాలి.

వదిన

---

ల్యాబు పక్క బెంచీ
సెప్టెంబరు

వదినా,

ఈ ఉత్తరం మా ఆఫీసు మనిషి చేతికిచ్చి పంపుతున్నాను. ఆశ్రయంలో నీ చేతికే ఇమ్మన్నాను. చదివాక ఇంటికి వెళ్ళకు. బట్టల కోసం కూడా వెళ్ళకు.

నల్లదాన్ని నేనూ ల్యాబువాళ్ళూ విడివిడిగా చూశాం. బయటినుంచి ఎవరూ రాలేదు. గోడ బీటలు వారలేదు, తాళం విరగలేదు. ఎవరో మామూలుగా తెరిచి, చదువుకుని, మూసేశారు. నీ వేలితోనే. ఆదివారం మధ్యాహ్నాలు.

ఆదివారం మధ్యాహ్నం నువ్వేం చేస్తున్నావో నువ్వే రాశావు. మాత్ర వేసుకుని ఒళ్ళు తెలియకుండా పడుకుంటున్నావు. మాత్ర ఎవరిస్తున్నారో కూడా నువ్వే రాశావు.

వదినా, నిద్రపోయే మనిషి చెయ్యి ఎవరైనా ఎత్తొచ్చు. అంత గొప్ప తాళానికి వాడు వేరే చెవి చేయించుకోనక్కరలేదు, పక్కనే పడుకుని ఉంది.

"వాడు" అని రాశాను. నా అన్నయ్య. కొట్టెయ్యబోయి అలాగే వదిలేశాను.

ఇంకో మాట. నీ ఎడమచేతి ఉత్తరం వచ్చిన రోజే నాకు అనుమానం. "జారి పడ్డాను, అంతే" లాంటి మాట నేను కూడా ఒకప్పుడు చెప్పినదే. నాకు పదేళ్ళప్పుడు రేడియో స్టేషను మార్చానని నా చెయ్యి మెలితిప్పి విరగ్గొట్టాడు. "మెట్ల మీద పడ్డానని చెప్పు" అన్నాడు. చెప్పాను. అమ్మకి నిజం తెలుసు, అయినా డాక్టరు దగ్గర "మెట్లు" అనే చెప్పింది. నువ్వు పెళ్ళై వచ్చినప్పుడు మారిపోయి ఉంటాడనుకున్నాను. అనుకోవడం సుఖంగా ఉంటుంది కాబట్టి అనుకున్నాను.

ఇన్‌స్పెక్టరుకి విడిగా రాశాను. నువ్వు పిన్ని దగ్గర ఉండు.

నీ మరదలు

---

ఆసుపత్రి, ఆడవాళ్ళ వార్డు
సెప్టెంబరు నెలాఖరు

మరదలు పిల్లకి,

వెళ్ళొద్దన్నావు. వెళ్ళాను.

కోపం తెచ్చుకోకుండా విను. ఇన్నాళ్ళూ గేటు దగ్గరికి వచ్చిన ప్రతి ఆడదానికీ "మళ్ళీ ఆ గుమ్మం తొక్కకు" అని చెప్పిన నోరు ఇది. నీ ఉత్తరం చదివాక ఆయన ముఖంలోకి చూసి ఒక్కసారి అడగకపోతే నాకు ఊపిరాడదనిపించింది. పిన్ని వెంట వచ్చింది. వద్దన్నా వచ్చింది.

ఆయన బట్టలు ఇస్త్రీ చేసుకుంటున్నారు.

"ఆదివారాలు నా వేలు పట్టుకుని ఏం చేశారు?" అన్నాను.

తడబడలేదు. "నీకు చేతకానిది చేశాను. కొంపలు కూల్చడం నీ పని. నిలబెట్టడం నా పని. మొగుడూ పెళ్ళాం కూర్చుని మాట్లాడుకుంటే సర్దుకుంటుంది. ముందు నువ్వు పిన్నికి పంపే మెసేజీలు నీ ఫోనులో చదివాను, నువ్వది మానేశాక నీ వేలు పట్టుకున్నాను. ఎక్కడుందో చెప్పాను, అంతేగా."

"దర్జీ ఆవిడ వేళ్ళు పోయాయి."

"వాడు తాగి వెళ్ళాడు. నన్నేం చెయ్యమంటావు?"

"అది తెలిసి కూడా నర్సమ్మ గది చెప్పారు. ఆ ముసలావిడ చచ్చిపోయింది. అది కూడా తెలిసి టీచరమ్మది చెప్పారు."

"ఊరంతా నన్ను చూసి నవ్వుతున్నారే! పెళ్ళాలని దాచేదాని మొగుడట నేను! నీ ఆశ్రయం మూతపడేదాకా చెప్తూనే ఉంటా!"

అప్పుడు వచ్చి పడ్డారు నా మీద. తల గోడకేసి కొట్టారు, ఒకసారి కాదు. కిందపడ్డాక మోకాలు ఛాతీ మీద పెట్టి గొంతు పట్టుకున్నారు. కళ్ళు బైర్లు కమ్మాయి. ఆయన ముఖంలో కోపం కూడా లేదు, మూత బిగిసిన సీసా తిప్పుతున్నట్టు ఉంది. గేటు పిన్ని ఇస్త్రీ పెట్టె లాగి, వేడిది వేడిగానే, ఆయన భుజం మీద ఆనించింది. ఆయన లేచి తిరగబోతే దాంతోనే చెవి మీద కొట్టింది. నాకు గుర్తున్నది కాలిన వాసన, పిన్ని గొంతు. "లే తల్లీ, లే, లే, నాతో రా!"

ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి ఆయన గడప మీద చెవి పట్టుకుని కూర్చుని, "ఆ ముసల్దాన్ని అరెస్టు చెయ్యండి" అంటున్నారట.

నాకు పక్కటెముకలు రెండు విరిగాయి, ఎడమ చెవి సరిగ్గా వినిపించడం లేదు. గొంతు వాపు తగ్గుతోంది.

మణికట్టు ఆయనే విరిచారు. అంతకుముందు దెబ్బలు కూడా ఉన్నాయి, చీర చెంగు కప్పుకుంటే కనపడనివి. ఇంతమందిని దాచే మనిషివి నీ సంగతి ఎందుకు దాచావని ఇక్కడి వార్డు నర్సు అడిగింది. మావాళ్ళు వచ్చి పట్టుకునేది నా చేతినే. ఆ చెయ్యి కూడా విరిగిందే అని తెలిస్తే ఇక దేన్ని పట్టుకుంటారు అనిపించింది. తప్పో ఒప్పో, అలా అనిపించింది.

నిన్ను సాక్ష్యానికి పిలుస్తారట. ఆయన నీ తోడబుట్టినవాడు. నీకు మనసొప్పకపోతే చెప్పకు. నేనేమీ అనుకోను. ఈ మాట నిజంగానే రాస్తున్నాను.

వదిన

---

మా ఆఫీసు
నవంబరు

వదినా,

పక్కటెముకలు అతుక్కున్నాయని పిన్ని ఫోన్ చేయించింది. సంతోషం. కేసు వచ్చే నెలకి వాయిదా పడింది. ఇక్కడ పని ఎక్కువగా ఉంది. అమ్మ వచ్చి నా దగ్గర కొన్నాళ్ళు ఉండి వెళ్ళింది. బాగానే ఉంది.

ఒళ్ళు చూసుకో.

నీ మరదలు

---

జిల్లా కోర్టు ఎదురుగా హోటల్ గది
డిసెంబరు

వదినా,

నీకు పోయిన ఉత్తరంలో రాయనిది ఇప్పుడు రాస్తాను. సాక్ష్యం అయ్యేదాకా నీకు చెప్పకూడదనుకున్నాను. నిన్ను చూస్తే చెప్పేస్తానని నీ వాంగ్మూలం రోజున కూడా రాలేదు.

అమ్మ వచ్చింది కొన్నాళ్ళు ఉండటానికి కాదు. అన్నయ్య లాయరుని వెంటబెట్టుకు వచ్చింది. ఆయన చాలా మర్యాదస్తుడు. "అబద్ధం చెప్పమని అడగడం లేదమ్మా. మీరు పెట్టిన వ్యవస్థలో లోపం ఉండే అవకాశం ఉందని ఒక్క మాట అనండి. అది నిజమే కదా" అన్నాడు. నిజమే వదినా, అదే వచ్చిన చిక్కు. లోపం లేని వ్యవస్థ లేదని నీకు నేనే రాశాను. ఆ ఒక్క ముక్క కోర్టులో అని ఊరుకుంటే వాడు బయటపడతాడు. అమ్మ నా కాళ్ళు పట్టుకుంది. అమ్మ నా కాళ్ళు! "నీ పేరు కాస్త చెడుతుందేమో, వాడి బతుకు నిలబడుతుంది. వాడు ఎవర్నీ చంపలేదే, మాట చెప్పాడు, అంతేగా" అంది. వెళ్ళేదాకా రోజూ అదే మాట. వంట చేస్తూ అంది, నా జడ వేస్తూ కూడా అంది.

ఈ రోజు బోనెక్కాను. వాడు ఎదురుగా ఉన్నాడు. చెవి దగ్గర మచ్చ కనపడకుండా జుట్టు పెంచుకున్నాడు. నన్ను చూసి చిన్నగా తల ఊపాడు, చిన్నప్పుడు "మెట్లు అని చెప్పు" అన్నప్పటిలాగే.

లాయరు మొదలుపెట్టాడు. "విండోస్‌లో లోపాలు ఉంటాయా?"

"ఉంటాయండి."

"మ్యాక్‌లో?"

"ఉంటాయి."

"మరి మీరు సొంతంగా ఎంచి, సొంత చేతులతో ఎక్కించిన లినక్స్‌లో?"

"ఉంటాయి."

ఆయన జడ్జిగారి వైపు తిరిగి చిన్నగా నవ్వాడు. "పరీక్ష పెడితే మిగతా రెండూ నిలబడ్డాయి, మీరు గొప్పదన్నది ఓడిపోయింది. అవునా? అంటే ఎవరో ముక్కూ ముఖం తెలియనివాడు, లోకంలో ఏ మూల నుంచైనా, అందులో దూరి ఉండొచ్చు."

అమ్మ ముందు వరసలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

"దూరి ఉండొచ్చు అనేది ఒక మాట, దూరారు అనేది ఇంకో మాటండి" అన్నాను. "దొంగ కిటికీ పగలగొడితే గాజు పెంకులు ఉంటాయి. నేను వెతికాను. ల్యాబువాళ్ళు నాకు చూపించకుండా విడిగా వెతికారు. పెంకుల్లేవు. తలుపు తాళంతోనే తీశారు. ఆ పరీక్ష మూడు గోడల మధ్య పోటీ కాలేదండి. మిగతా రెండూ ఆఫీసులోనే ఉండిపోయాయి. ఇది ఒక్కటే ఆయన ఉన్న ఇంటికి వెళ్ళింది. అక్కడ మా వదిన మత్తులో పడుకుని ఉంది. ఆ వేళ ఇంట్లో ఇంకొక్క మనిషే ఉన్నాడు. యంత్రం ఓడిపోలేదు. దానికి మా వదిన వేలు చూపించారు, అది నమ్మింది. ఏ కంపెనీ చేసిందైనా, ఎవరు రాసిందైనా, ఆ వేలు పెడితే తెరుచుకునేదే."

"మీరు మాట్లాడేది మీ సొంత అన్నయ్య గురించి, తెలుసా?"

"తెలుసండి. అందుకే రెండుసార్లు వెతికాను. పెంకు ఒక్కటి దొరికినా నా ఉద్యోగం వదులుకుని మరీ చూపించేదాన్ని."

వాడు లేచాడు. "ఎలుక ముఖందానా! బయటికి రా, నీ పని చెప్తా!" అంటూ బోను కర్ర దాటబోయాడు. ఇద్దరు పోలీసులు పట్టుకుంటే ఒకడి చెయ్యి కొరికాడు, రక్తం కారింది. జడ్జిగారు చూస్తూనే ఉన్నారు. వాడి లాయరు కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

ఫాస్ట్ ట్రాక్ కోర్టు, నాదే ఆఖరి సాక్ష్యం, అందుకని తీర్పు సాయంత్రం కాకముందే వచ్చింది. నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ఏడేళ్ళు.

మెట్ల మీద అమ్మ నా కోసం నిలబడి ఉంది. దగ్గరికి వెళ్ళాను. కౌగలించుకుంటుందేమోననే పిచ్చి ఆశ. అందరి ముందూ ఈ చెంపా ఆ చెంపా వాయించింది. కళ్ళజోడు ఎగిరి మెట్ల మీద పడి పగిలింది. "నాకు కూతురు లేదు" అంది. నేను వంగి కళ్ళజోడు ముక్కలు ఏరుకుంటుంటే నా వీపు మీద కూడా కొట్టింది. ఆమెని ఆపబోయిన కానిస్టేబుల్ని "ఆమె మా అమ్మ, వదిలెయ్యండి" అన్నాను. అన్నాక తెలిసింది, మీ గేటు దగ్గరికి వచ్చేవాళ్ళంతా మొదట అనే మాట అదేనని.

నా ఇల్లు అమ్మకి తెలుసు, వాడి స్నేహితులకి తెలుసు. ఇందాక తలుపు మీద ఎవరో పెద్ద అక్షరాలతో రాసిపోయారని ఇంటివాళ్ళు ఫోన్ చేశారు. ఏం రాశారో నీకు చెప్పను. నాకు ధైర్యం ఉందనుకున్నాను వదినా. ఈ హోటల్ గది గడియ ఇప్పటికి ఎన్నిసార్లు చూసుకున్నానో.

వచ్చే శుక్రవారం పొద్దున బస్సుకి వద్దామనుకుంటున్నాను. మీ దగ్గర ఒక మంచం ఖాళీ ఉంటుందా?

నీ మరదలు

---

ఆశ్రయం, ఆఫీసు గది
డిసెంబరు

మరదలు పిల్లా,

ఉంది. దర్జీ ఆవిడ నీ కోసం దిండు గలీబు కుడుతోంది. కుట్లు వంకరగా ఉంటాయి, ఏమీ అనకు. నర్సమ్మ కర్ర పట్టుకుని నడుస్తోంది. నీ చెంపలు తనే చూస్తానంది.

నువ్వు ఉండబోయే గది ఎక్కడో ఈ కాగితం మీద రాయను. ఏ కంప్యూటర్లోనూ పెట్టను. బస్సు దిగి అక్కడే నిలబడు, ఎవర్నీ దారి అడగకు. పిన్నీ నేనూ వచ్చి ఉంటాం.

వదిన